శాన్ హోసే చిల్డ్రన్స్ డిస్కవరీ మ్యూజియానికి పిల్లలతో వెళ్లేవారికి

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాన్ హోసే నగరం నడిబొడ్డున, గ్వాడలూపే నది పక్కన, ఊదారంగు గోడలతో దూరం నుంచే గుర్తుపట్టగలిగే భవనం చిల్డ్రన్స్ డిస్కవరీ మ్యూజియం. మెక్సికో వాస్తుశిల్పి రికార్డో లెగొరెటా రూపొందించిన ఈ భవనం 1990లో ప్రారంభమైంది. దాని ముందున్న వీధికి వోజ్ వే అని పేరు. మ్యూజియానికి ఎంతో సాయం చేసిన ఆపిల్ సహవ్యవస్థాపకుడు స్టీవ్ వోజ్నియాక్ గౌరవార్థం ఆ పేరు పెట్టారు. సన్నీవేల్, క్యూపర్టినో, ఫ్రీమాంట్ వైపు ఉండే తెలుగు కుటుంబాలకు ఇది కారులో దగ్గరే. లైట్ రైల్లో వచ్చేవారికి మ్యూజియం పేరుతోనే ఒక స్టేషన్ ఉంది. రైలంటే ఇష్టపడే పిల్లలకు ఆ ప్రయాణమే సంబరం కాబట్టి, వీలైతే ఒకసారి కారును ఇంటి దగ్గరే ఉంచి రావచ్చు.

పిల్లలు వస్తువులను చేతితో పట్టుకుని నేర్చుకోవాలన్న ఆలోచన ఇటువంటి మ్యూజియాలకు మూలం. పిల్లల కోసమే తొలి మ్యూజియం 1899లో బ్రూక్లిన్‌లో మొదలైంది. 1962లో బోస్టన్ చిల్డ్రన్స్ మ్యూజియం బాధ్యతలు చేపట్టిన మైఖేల్ స్పాక్, ప్రదర్శనలను అద్దాల బీరువాలలోంచి బయటికి తెచ్చి పిల్లల చేతికి అందించిన తరువాత ఈ పద్ధతి విస్తృతంగా వ్యాపించింది. ఈ సంగతి తల్లిదండ్రులు గుర్తుంచుకోవడం అవసరం. ఎందుకంటే మనలో చాలామందికి మ్యూజియం అంటే ఒక గదిలోంచి మరో గదిలోకి వరుసగా నడుస్తూ అన్నీ చూసి రావడమే. ఇక్కడ ఆ అలవాటు పనికిరాదు. టికెట్ కొన్నాము కాబట్టి ఒక్కటీ వదలకుండా చూడాలని పిల్లవాణ్ణి చెయ్యి పట్టుకుని తిప్పితే, వాడు దేనినీ సరిగా చూడకుండానే అలసిపోతాడు. ఒక్క రోజుకు రెండు మూడు ప్రదర్శనలు చాలు. వాడు ఒకే పనిని పదేపదే చేస్తున్నాడంటే, విసుగు లేకుండా ఏదో పరీక్షిస్తున్నాడని అర్థం. అప్పుడు వాణ్ణి కదిలించకూడదు.

బయలుదేరే ముందు మ్యూజియం వెబ్‌సైట్‌లో ఆ రోజు వేళలు, టికెట్ ధర చూసుకోవాలి. చిన్నపిల్లలు ఉన్నవారు తలుపులు తీసే సమయానికే చేరుకుంటే మంచిది. మధ్యాహ్నం నిద్రవేళకు ఇల్లు చేరవచ్చు. బడి రోజులలో ఉదయం పూట విద్యార్థి బృందాలు వస్తుంటాయి, వాళ్లు వెళ్లిపోయాక లోపల సందడి తగ్గుతుంది. వాన పడే శనివారం నాడు మాత్రం ఊరంతా ఇక్కడికే వచ్చినట్టుంటుంది. జలుబు, జ్వరం ఉన్న బిడ్డను తీసుకురాకపోవడం మిగిలిన పిల్లల పట్ల మన బాధ్యత, ఎందుకంటే ఇక్కడ ప్రతి వస్తువూ వందల చేతులు మారుతుంది. తినే ముందు సబ్బుతో చేతులు కడిగించడం మరువకూడదు.

పిల్లలకు ఒక జత పొడి బట్టలు, సాక్సులతో సహా, తప్పకుండా తీసుకువెళ్లాలి. నీళ్లతో ఆడుకునే విభాగంలో గొట్టాలు, ప్రవాహాలు, తేలే బంతులు ఉంటాయి. తడవకుండా బయటపడే పిల్లలు అరుదు. అందువల్ల ఆ విభాగాన్ని చివరికి ఉంచుకోవడం మేలు. సబ్బునీళ్లు పడిన నేల జారుతుంది కాబట్టి పట్టున్న బూట్లు అవసరం. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు చీర కట్టుకుని వస్తే, కుచ్చిళ్లు కాస్త పైకి ఉండేలా చూసుకుని, నేల పొడిగా ఉన్న చోట నిలబడితే సురక్షితం.

బుడగల విభాగం అన్ని వయసుల వారికీ నచ్చుతుంది, పెద్దలు కూడా చేతులు తడుపుకుని పాల్గొనవలసిన చోటు అదే. పొడిచేత్తో తాకితే బుడగ పగిలిపోతుంది. అదే చేతిని సబ్బునీటిలో ముంచి నెమ్మదిగా లోపలికి పోనిస్తే పగలదు. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పేయకండి. "ఇప్పుడు ఏమవుతుందనుకుంటున్నావు?" అని అడిగి, జవాబు విని, తరువాత చేయించండి. చతురస్రాకారపు చట్రంతో ఊదినా విడివడిన బుడగ గుండ్రంగానే ఉంటుంది, ఎందుకంటే అంత గాలిని అతి తక్కువ పొరతో చుట్టగలిగే ఆకారం గోళమే. పెద్ద పొరను కాసేపు కదలకుండా చూస్తే రంగులు మారుతూ, నీరు కిందికి జారేకొద్దీ పైభాగం పలచబడి, పగలబోయే ముందు రంగు పోయి నల్లగా కనిపిస్తుంది. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు దీని దగ్గర చాలాసేపు నిలబడగలరు. మాటలు తెలుగులోనే సాగనివ్వండి. పొర, బుడగ, ప్రవాహం, ఆనకట్ట వంటి మాటలు చేతిలో వస్తువు ఉన్నప్పుడు పిల్లలకు సులువుగా పట్టుబడతాయి.

నాలుగేళ్ల లోపు పిల్లలకు వేరే ఆటస్థలం ఉంది. అన్నను, చెల్లెలిని ఇద్దరినీ ఒక్కరే చూసుకోవడం కష్టం కాబట్టి, వయసు తేడా ఎక్కువగా ఉంటే పెద్దవాళ్లు ఇద్దరు వెళ్లి చెరొకరిని చూసుకోవాలి. పిల్లలు ఎక్కి చక్రం తిప్పగలిగే అసలైన ఫైరింజన్ దగ్గర వరుస పెరుగుతుంది. వంతు కోసం ఆగడం అక్కడ సహజంగానే నేర్పవచ్చు. లోపలికి వెళ్లగానే ఫోన్‌లో పిల్లల ఫొటో ఒకటి తీసుకోండి. తప్పిపోతే ఆ రోజు వేసుకున్న బట్టలు సిబ్బందికి చూపించడానికి ఉపయోగపడుతుంది. తప్పిపోతే ఎక్కడ నిలబడాలో, ఎవరికి చెప్పాలో పిల్లలకు ముందే చూపించండి.

తాతయ్యలకు అప్పగించదగిన విభాగం మామత్ అనే, ఏనాడో అంతరించిన ఏనుగు జాతి జంతువుది. 2005లో గ్వాడలూపే నది ఒడ్డున కుక్కతో నడుస్తున్న ఒక స్థానికుడికి కొలంబియన్ మామత్ ఎముకలు కనిపించాయి. పూర్తిగా ఎదగని ఆ జంతువుకు నది పేరు మీదుగా లూపే అని పేరు పెట్టారు. పిల్లలు దీనిని డైనోసార్ అనుకుంటారు. ఏనుగుకు దగ్గరి చుట్టమని, డైనోసార్లు అంతరించిన కోట్ల ఏళ్ల తరువాతి జంతువని తాతయ్య వివరించవచ్చు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన, తెలంగాణలోని యామనపల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరాన్ని ఆయన చూసి ఉంటే, రెండింటినీ పోల్చి చెప్పడానికి ఇంతకంటే తగిన సమయం దొరకదు. తరువాతి సెలవులలో హైదరాబాద్ వెళ్లినప్పుడు పిల్లలే అక్కడికి తీసుకువెళ్లమని అడుగుతారు.

బయటికి వచ్చే వేళ గొడవ లేకుండా ఉండాలంటే, పావుగంట ముందు ఒకసారి, ఐదు నిమిషాల ముందు మరోసారి చెప్పి, చివరిగా ఏమి చేయాలో పిల్లలనే ఎంచుకోనివ్వాలి. ఆకలితో ఉన్న బిడ్డ ఏ మాటా వినదు కాబట్టి, పెరుగన్నమో చపాతీ చుట్టో డబ్బాలో తెచ్చుకుంటే బయట నది వెంట ఉన్న పార్కులో కూర్చుని తినవచ్చు.

ఏడాదిలో మూడు నాలుగు సార్లు రాగలమనుకునేవారు, విడి టికెట్ల మొత్తాన్ని కుటుంబ మెంబర్‌షిప్ ధరతో పోల్చి చూసుకోవాలి. ఆరు నెలలు ఉండడానికి వచ్చిన అమ్మమ్మ, తాతయ్యలకు కూడా అదే కార్డుపై ప్రవేశం ఉంటుందో లేదో కొనే ముందే అడగండి. నా అభిప్రాయంలో మెంబర్‌షిప్ వల్ల కలిగే పెద్ద లాభం డబ్బు కాదు: గంటసేపు బుడగలతో మాత్రమే ఆడి వచ్చేసినా, టికెట్ వృథా అయిందన్న బాధ ఉండదు.