అద్దకపు శుద్ధిజలం మొక్కలకు సరిపడుతుందా: మొలక పరీక్ష చేసే విధానం

షోలాపూర్‌లో మన పద్మశాలీల టవళ్లకు, చద్దర్లకు కావలసిన నూలును అద్దే కార్ఖానాలు శుద్ధిచేసి వదిలే నీటిని జొన్నచేనుకు పెట్టవచ్చునా అన్నది నీటి తేటదనాన్ని చూసి చెప్పగలిగిన విషయం కాదు. రియాక్టివ్ రంగులు నూలుకు పట్టడానికి లీటరుకు 40 నుంచి 80 గ్రాముల దాకా వేసే ఉప్పు, రంగు పూర్తిగా విరిగిపోయిన తరువాత కూడా నీటిలోనే మిగులుతుంది. సూక్ష్మజీవులతో చేసే శుద్ధి దానిని తొలగించదు.

ఒక్కసారే పట్టిన నీటిని నమ్మకుండా, రోజంతా విడతలుగా పట్టి కలిపి, మంచుపెట్టెలో తెచ్చి మరునాటికల్లా పరీక్ష మొదలుపెట్టాలి. ఆ చేలలో పండేది గనుక జొన్న తప్పనిసరి, అయితే అది ఉప్పును కొంత ఓర్చుకునే పంట కనుక, ఓర్చుకోలేని ముల్లంగిని కూడా పక్కన పెట్టడం మంచిది. దుకాణంలో అమ్మే విత్తనాలకు తరచుగా శిలీంద్రనాశని పట్టించి ఉంటుంది. అవి ఇక్కడ పనికిరావు.

9 సెంటీమీటర్ల పెట్రీ పళ్లెంలో ఫిల్టర్ కాగితం పరచి, 5 మిల్లీలీటర్ల నీరు పోసి, 10 గింజలు పేర్చి మూతపెట్టాలి. శుద్ధిజలాన్ని 100, 50, 25 శాతం చొప్పున, పోల్చడానికి స్వేదనజలాన్ని, వీటితోపాటు చాలామంది మరచిపోయే ఉప్పునీటిని తీసుకోవాలి. ఈసీ మీటరుతో (నీటి విద్యుద్వాహకతను, దాని ద్వారా అందులోని ఉప్పును చూపే పరికరంతో) చూస్తూ, పలచన చేయని శుద్ధిజలం ఎంత చూపుతుందో అంతే చూపేవరకు స్వేదనజలంలో ఉప్పు కలిపితే అది సిద్ధమవుతుంది. ఒక్కొక్కదానికి మూడేసి చొప్పున పంటకు 15 పళ్లేలు అవుతాయి. వాటిని 25 డిగ్రీల వద్ద చీకటిలో ఐదు రోజులు ఉంచాలి.

తరువాత మొలకలను లెక్కించి, వేళ్లను స్కేలుతో కొలవాలి. స్వేదనజలంలో 30 గింజలకు 28 మొలిచి వేరు సగటున 50 మిల్లీమీటర్లు, శుద్ధిజలంలో 25 మొలిచి 35 మిల్లీమీటర్లు ఉన్నాయనుకుంటే, స్వేదనజలంతో పోల్చిన మొలకల 89 శాతాన్ని వేరు పొడవు 70 శాతంతో గుణించగా మొలక సూచి సుమారు 62 అవుతుంది. సాధారణంగా 80 దాటితే విషప్రభావం లేనట్టు, 50 లోపైతే తీవ్రంగా ఉన్నట్టు భావిస్తారు. స్వేదనజలంలోనే మొలకలు తక్కువగా వస్తే తప్పు విత్తనానిదే, పరీక్షను మళ్లీ చేయాలి.

ఉప్పునీటి సూచి కూడా అంతే పడిపోతే కారణం ఉప్పే. బావినీటితో ఎంత పలచన చేయాలో 50, 25 శాతం పళ్లేలే చెబుతాయి. ఉప్పునీటిలో వేళ్లు బాగా పెరిగి శుద్ధిజలంలోనే కుంగితే, రంగు విరచడానికి వాడిన క్లోరిన్ మిగిలి ఉండవచ్చు. ఆ నీటిని ఒకరోజు వెడల్పు పాత్రలో తెరచి ఉంచి మరల పరీక్షించాలి; అప్పటికీ వేరు సాగకపోతే, ఎజో అనే రకం రంగులు విరిగినప్పుడు పుట్టే, హాని చేయగల అమీన్లనే పదార్థాలను ప్రయోగశాలలో వెతికించాలి.