కారు ఏసీ మరమ్మతు, నాలుగవ పాఠం: ముల్లు చెప్పనిది, తూకం చెప్పేది

ఎస్టిమేటు కాగితాన్ని పద్దు వెంట పద్దుగా చదవడం ఈ పాఠంలో నేర్పుతానని కిందటిసారి మాట ఇచ్చాను. ఆ మాట ఈసారి సగమే చెల్లుతుంది. మూడవ పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఒకే చోట కాలు జారాయి, అందులో నా తప్పు కూడా ఉంది. ఇంజను ఆపి ఉన్నప్పుడు గేజీలు (ఏసీ గొట్టాల్లోని పీడనాన్ని పీఎస్‌ఐ అనే కొలతలో చూపే మీటర్లు) తగిలించి ముళ్లు ఎక్కడ నిలిచాయో రాసుకోమన్నానే గానీ, ఆ అంకె దేనికి పనికిరాదో చెప్పలేదు. ఫలితంగా చాలామంది "రెండు ముళ్లూ తొంభై పీఎస్‌ఐ దాటి నిలిచాయి, అంటే గ్యాసు నిండుగా ఉంది, కనుక చెడినది కంప్రెసరే" అని తీర్పు రాశారు. ఆ తీర్పును నమ్మి కంప్రెసర్‌ను, అంటే గ్యాసును అదిమి గొట్టాల్లో తిప్పే పంపును, మార్పించిన వారికి కొద్దిరోజులు చల్లగాలి వచ్చి, ఆ తరువాత మళ్లీ పాత కథే మొదలైంది.

ముందుగా ఆ కొద్దిరోజుల చల్లదనం సంగతి చూద్దాం, ఎందుకంటే అసలు మోసం అక్కడే ఉంది. కంప్రెసర్ మార్చాలంటే గ్యాసు మొత్తం బయటికి తీసి, పని ముగిశాక కొత్తగా నింపక తప్పదు. కాబట్టి పాత కంప్రెసర్ నిక్షేపంగా ఉండి, గ్యాసు ఒక చిన్న ఓ-రింగు (గొట్టాల అతుకులో ఉండే రబ్బరు చుట్ట) దగ్గర కారిపోతున్న కారుకైనా, కంప్రెసర్ మార్చిన రోజున ఏసీ చక్కగా పనిచేసి తీరుతుంది. ఆ చల్లదనం కొత్త కంప్రెసర్ పుణ్యమో, కొత్త గ్యాసు పుణ్యమో ఆ రోజున ఎవరికీ తెలియదు. నేనూ ఒకప్పుడు ఇలాగే నా సొంత కారుకు ఖరీదైన భాగం వేయించుకుని, చివరికి చిటికెన వేలి గోరంత రబ్బరు చుట్ట మార్చి సమస్య తీర్చుకున్నాను. అందుకే ఈ ఒక్క విషయం మీద కొంత విసుగు పుట్టేంతగా చెప్పబోతున్నాను.

మూసిన పాత్రలో ఒక పదార్థం కొంత ద్రవంగా, కొంత ఆవిరిగా కలిసి ఉన్నప్పుడు, అందులోని పీడనాన్ని నిర్ణయించేది ఉష్ణోగ్రత ఒక్కటే; ద్రవం ఎంత ఉందన్నది దానికి పట్టదు. వంటగ్యాసు సిలిండరు నిండుగా ఉన్నా అడుగంటబోతున్నా లోపలి పీడనం దాదాపు ఒకటే కావడం, మిగిలినదెంతో తెలుసుకోవడానికి సిలిండరును తూచవలసి రావడం ఈ కారణంగానే. కారు ఏసీలో తిరిగే ఆర్-134ఏ అనే గ్యాసు కూడా ఇదే ధర్మానికి లోబడి ఉంటుంది. ఇంజను పూర్తిగా చల్లారి, గొట్టాలన్నీ బయటి గాలితో సమానమైన ఉష్ణోగ్రతకు వచ్చాక, గేజీలో కనిపించవలసిన అంకెలు సుమారుగా ఇవి: 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 68 పీఎస్‌ఐ, 25 వద్ద 82, 30 వద్ద 97, 35 వద్ద 114, 40 వద్ద 133.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. కారులో పట్టవలసిన గ్యాసు 500 గ్రాములు, గొట్టాలు, కాయిళ్లు, డ్రయర్ (తేమను పీల్చే డబ్బా) అన్నీ కలిపి లోపలి ఖాళీ మూడు లీటర్లు అనుకుందాం. 30 డిగ్రీల వద్ద ఆర్-134ఏ ఆవిరి లీటరుకు సుమారు 37 గ్రాములు తూగుతుంది, అంటే మూడు లీటర్ల ఖాళీని కేవలం ఆవిరితో నింపడానికి 110 గ్రాములు చాలు. గ్యాసు ఆ 110 గ్రాములకు దిగేవరకూ లోపల ఎక్కడో ఒక మూల కొంత ద్రవం ఉంటుంది, అది ఉన్నంతసేపూ ముల్లు 97 దగ్గరే నిలబడుతుంది. 500 ఉన్నా 97, 300 ఉన్నా 97, 150 ఉన్నా 97. ఐదింట మూడు వంతులకు పైగా గ్యాసు కారిపోయినా, ఆగి ఉన్న ఇంజను మీది ముల్లు ఆ సంగతిని మీకు చెప్పదు.

అయితే ఆ ముల్లు పూర్తిగా పనికిరానిది కూడా కాదు. పైన ఇచ్చిన అంకె కంటే బాగా తక్కువ చూపిస్తే ద్రవం పూర్తిగా ఇంకిపోయిందని, అంటే గ్యాసు దాదాపు లేదని అర్థం. ఇంజను నిజంగా చల్లారి ఉండి, కారు నీడలో నిలిచి ఉండి, అయినా ముల్లు బాగా ఎక్కువ చూపిస్తే, ఉదాహరణకు 30 డిగ్రీల వద్ద 120 చూపిస్తే, లోపల గాలి కలిసిందనో, వేరే గ్యాసు ఏదో కలిపారనో అనుమానించాలి. వాక్యూం చేయకుండా, అంటే లోపలి గాలిని పంపుతో లాగేయకుండా, గ్యాసు నింపిన బండ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. ఈ రెండు చివరల మధ్యనున్న అంకె నుంచి గ్యాసు ఎంత ఉందో చెప్పబోవడం జాతకం చెప్పడమే.

ఎంత ఉందో చెప్పగలిగేది తూకం. ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు అన్నది బానెట్ కింద అంటించిన చీటీ మీద ఉంటుంది. 1990ల నడుమ నుంచి వచ్చిన కార్లలో ఎక్కువగా ఆర్-134ఏ, కొత్త కార్లలో చాలావాటిలో ఆర్-1234వైఎఫ్ ఉంటాయి. రెండవదానికి స్వల్పంగా మండే గుణం ఉంది, దాన్ని తీసి నింపే యంత్రం వేరు, పైన ఇచ్చిన అంకెలు దానికి సరిగ్గా సరిపోవు. వర్క్‌షాపులో రికవరీ యంత్రం తగిలించి లోపలి గ్యాసును పూర్తిగా లాగించి, ఎన్ని గ్రాములు వచ్చిందో యంత్రం చూపే అంకెను మీ కళ్లతో చూడండి. గ్యాసును గాలిలోకి వదిలేసే చోట పని చేయించకండి: నూరేళ్ల లెక్కన ఒక కిలో ఆర్-134ఏ వాతావరణాన్ని వేడెక్కించడంలో దాదాపు 1,400 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, పైగా అలా వదిలేస్తే మీకు కావలసిన ఏకైక సాక్ష్యం కూడా దానితోపాటే గాలిలో కలిసిపోతుంది.

చీటీ మీద 500 ఉండి 180 గ్రాములే వచ్చిందా, మీ సమస్య లీకు. కంప్రెసర్ మీద నేరం మోపడానికి ఇంకా ఆధారం లేదు. 470 వచ్చిందా, యంత్రాన్ని బట్టి కొన్ని పదుల గ్రాముల తేడా మామూలే కనుక గ్యాసు సరిపడానే ఉందని భావించి, తప్పును మరోచోట వెతకాలి. 700 వచ్చిందంటే, అంతకు ముందెవరో చల్లదనం చాలక కొసరు మీద కొసరు పోశారని, ఆ ఎక్కువే చల్లదనాన్ని చెడగొడుతోందని తెలుసుకోవాలి. "గ్యాసు అయిపోయింది" అనే మాటను నేను నా విద్యార్థుల నోట విననివ్వను. గ్యాసు పెట్రోలులా ఖర్చయ్యే వస్తువు కాదు, అదే గ్యాసు మూసిన దారిలో తిరుగుతూనే ఉంటుంది. రబ్బరు గొట్టాల గుండా, సీళ్ల గుండా ఏళ్ల తరబడి కొంత ఊరిపోవడం సహజమే గానీ, ఒక్క వేసవి కూడా నిలవకపోతే అది కచ్చితంగా లీకే. లీకును వెతకకుండా నింపుతూ పోతే చివరికి కంప్రెసర్ నిజంగానే చెడుతుంది, ఎందుకంటే దానికి కందెన నూనె తెచ్చిపెట్టేది తిరుగుతున్న గ్యాసే.

లీకు వెతికే పద్ధతులు రెండవ పాఠంలో ఉన్నాయి, అక్కడే చూడండి. ఒక్క హెచ్చరిక మాత్రం ఇక్కడ చేరుస్తాను. "వాక్యూం అరగంట నిలిచింది, లీకు లేదు" అని ఎవరైనా చెబితే తల ఊపకండి. వాక్యూంలో గొట్టాల మీద పడే ఒత్తిడి 15 పీఎస్‌ఐ లోపే, అదీ బయటి నుంచి లోపలికి. ఏసీ నడుస్తున్నప్పుడు హై సైడ్‌లో (కంప్రెసర్ అదిమిన గ్యాసు వెళ్లే వైపున) 200 పీఎస్‌ఐ దాటడం సాధారణం, అది లోపలి నుంచి బయటికి తోస్తుంది. పైగా లోపలికి లాగినప్పుడు బిగుసుకుని, బయటికి తోసినప్పుడు వదిలేసే సీళ్లు ఉంటాయి. నైట్రోజన్ నింపి పీడనం నిలుస్తుందో లేదో చూడమని నేను అడుగుతాను, కాదంటే మరో చోటికి వెళతాను. లీకును మూసేస్తుందని డబ్బాల్లో అమ్మే మందును నా కారు దరిదాపులకు రానివ్వను. అది రికవరీ యంత్రాన్ని పాడుచేస్తుంది, ఆ మందు పోసిన కారును ముట్టుకోబోమనే వర్క్‌షాపులూ ఉన్నాయి.

ఇక మిగిలిన చోటులో ఎస్టిమేటు. గ్యాసు సరిపడా ఉండి, ఇంజను నడుస్తుండగా కూడా రెండు ముళ్లూ దగ్గరదగ్గరగానే, అంటే లో సైడ్ (గ్యాసు కంప్రెసర్‌కు తిరిగి వచ్చే వైపు) 80, హై సైడ్ 110 వంటి అంకెల వద్ద నిలిస్తే, కంప్రెసర్ పంపు చేయడం లేదన్నది నిజమే. అయినా కంప్రెసర్ మొత్తం పోయిందని అప్పుడే అనకూడదు. క్లచ్ (ఇంజను తిప్పే బలాన్ని కంప్రెసర్‌కు కలిపి, విడదీసే భాగం) ఉన్న కంప్రెసర్ అయితే దానికి కరెంటు అందుతోందా అన్నది ముందు చూడాలి. రిలే, ఫ్యూజు, ప్రెషర్ స్విచ్ వీటన్నిటి ఖరీదూ కలిపినా కంప్రెసర్ ఖరీదు ముందు చిల్లరే. క్లచ్ లేకుండా ఎప్పుడూ తిరుగుతూనే ఉండే కంప్రెసర్‌లో తోడే పరిమాణాన్ని మార్చే కంట్రోల్ వాల్వు ఒకటి ఉంటుంది, అది చాలా నమూనాల్లో విడిగా మారుతుంది. ఆ వాల్వును పరీక్షించారా అని అడగడం మీ హక్కు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో కంప్రెసర్‌కు వెళ్లే నారింజ రంగు తీగల జోలికి మాత్రం మీరు పోవద్దు. వాటి కంప్రెసర్‌కు మామూలు కార్ల కంప్రెసర్లలో పోసే పీఏజీ నూనె పోస్తే ఇన్సులేషన్ (కరెంటు బయటికి పాకకుండా ఆపే పూత) దెబ్బతింటుంది గనుక, ఎస్టిమేటులో నూనె పేరు కూడా రాయించుకోండి.

కంప్రెసర్ నిజంగానే అరిగి విరిగితే ఖర్చు ఒక్క కంప్రెసర్‌తో ఆగదు, ఆగిందని చెప్పే ఎస్టిమేటును చూసి సంతోషించవద్దు. లోహపు రజను గ్యాసుతోపాటు కొట్టుకుపోయి కండెన్సర్ (గ్యాసు వేడిని బయటి గాలికి వదిలే భాగం) సన్నని దారుల్లో ఇరుక్కుంటుంది. ఇప్పటి కండెన్సర్ల దారులు ఎంత సన్నవంటే, కడిగినా శుభ్రపడ్డాయన్న భరోసా ఉండదు. అప్పుడు కండెన్సర్, డ్రయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వు (గ్యాసు పీడనాన్ని దించి చల్లబరిచే సన్నని ద్వారం) కూడా మారాలి, లేకపోతే ఆ రజనే కొత్త కంప్రెసర్‌ను కూడా మింగుతుంది. రజను ఉందో లేదో ఊహించనక్కరలేదు: విప్పిన వాల్వు నోటి దగ్గర, బయటికి తీసిన నూనెలో వెండి రంగు తళుకు ఉంటే ఉన్నట్టే. ఆ తళుకు చూపించకుండా కండెన్సర్ ధర రాస్తే ఎందుకని అడగండి, తళుకు కనబడుతున్నా కండెన్సర్ రాయకపోతే అంతకంటే గట్టిగా అడగండి. డ్రయర్ విషయంలో నాకు చర్చ లేదు, గొట్టాలు విప్పిన ప్రతి పెద్ద పనిలోనూ అది మారవలసిందే. అది మారినట్టు రుజువు లేకపోతే కంప్రెసర్ వారంటీని ఒప్పుకోని తయారీదారులు చాలామంది ఉన్నారు.

డాష్‌బోర్డు విప్పి కూలింగ్ కాయిల్ మార్చే పనిని వచ్చే పాఠానికి వదులుతున్నాను. అక్కడ భాగం ధర కంటే కూలీయే భారమవుతుంది, కాబట్టి దానికి వేరే లెక్క కావాలి.

అభ్యాసం ఈసారి కష్టంగానే ఉంటుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా మొదలుపెట్టవద్దు, ద్రవరూపంలోని గ్యాసు తగిలితే చర్మం గడ్డకడుతుంది. ఆర్-134ఏ ఉన్న కారుకు, ఒకరోజు తెల్లవారుజామున ఒకసారి, అదే రోజు మధ్యాహ్నం నీడలో, అప్పటిదాకా ఇంజను వేయకుండానే మరొకసారి ముళ్ల అంకెలు, గాలి ఉష్ణోగ్రత రాసుకుని పై పట్టికతో పోల్చండి. గేజీలు తగిలించి తీసిన ప్రతిసారీ కొన్ని గ్రాములు పోతాయి గనుక రెండుసార్లకు మించవద్దు. మర్నాడు డాష్‌బోర్డు మధ్య నుంచి గాలి వచ్చే గ్రిల్లులో థర్మామీటరు గుచ్చి, ఏసీ వేసిన తరువాత పది నిమిషాల పాటు నిమిషానికొక అంకె చొప్పున, కారు నిలిపి ఉంచి ఒకసారి, నడుపుతూ ఒకసారి (నడిపేటప్పుడు అంకెలు పక్కసీటులోని వారు రాయాలి) నమోదు చేయండి. చివరగా, మీ చేతిలో ఉన్న ఎస్టిమేటును కొత్త కాగితం మీద తిరగరాసి, ప్రతి భాగం పేరు పక్కన అది చెడిందనడానికి మీరు చూసిన సాక్ష్యమేమిటో ఒక్క వాక్యంలో రాయండి. ఆ వాక్యం రాయలేని పద్దు దగ్గర సంతకం పెట్టకుండా, రికవరీ యంత్రం చూపిన గ్రాముల అంకెను ముందు అడిగి తెచ్చుకోండి.