ప్రాక్టీసుకని జడ్జి దగ్గరకు వెళ్ళకండి

ఈమధ్య తెలిసినవాళ్ళబ్బాయి ఒకడు, ఫెడరల్ జడ్జి క్లర్క్‌షిప్ (లా అయ్యాక జడ్జి దగ్గర ఏడాదో రెండేళ్ళో చేసే సహాయకుడి ఉద్యోగం) ఇస్తానంటే 'వారం టైమివ్వండి' అన్నాడు. సాయంత్రానికల్లా ఆ ఆఫర్ పోయింది. వాడి ప్రొఫెసర్‌కీ కబురు వెళ్ళింది.

అమెరికాలో లా చదివే మన పిల్లలకు జూన్ టెన్షన్ దగ్గరపడింది. ఆస్కార్‌లో, అంటే క్లర్క్‌షిప్‌లకి ఆన్‌లైన్‌లో అప్లై చేసే సిస్టమ్‌లో, అప్లికేషన్లు జడ్జిలకు అందగానే ఫోన్లు మొదలవుతాయి. సూటు సంగతి, రెజ్యూమె సంగతి కాలేజీవాళ్ళు చెబుతారు. నేను చెప్పేది ఒకటే: ఆఫర్ ఇస్తే ఒప్పుకోలేని జడ్జి దగ్గరకు ఇంటర్వ్యూకే వెళ్ళొద్దు.

సాఫ్ట్‌వేర్‌లో రెండు ఆఫర్ లెటర్లు పెట్టుకుని హైక్ కోసం బేరమాడటం మన ఇళ్ళలో మామూలే. ఇక్కడ అది చెల్లదు. మొదట వచ్చిన ఆఫర్‌కి అవుననాలన్నది రాయని నియమం. కొందరు జడ్జిలు ఎదురుగా కూర్చోబెట్టుకునే అడిగేస్తారు. హైరింగ్ ప్లాన్ (క్లర్కుల్ని ఎప్పుడు, ఎలా తీసుకోవాలో చెప్పే ఉమ్మడి పద్ధతి) పాటించేవాళ్ళు ఆలోచించుకోడానికి గడువిస్తారు, అదీ గంటల లెక్కే. పైగా ప్లాన్ పాటించడం జడ్జి ఇష్టం. అందుకే ఊరు నచ్చదనో, రెండేళ్ళు ఉండలేననో అనిపిస్తే అప్లై చేయకముందే ఆ పేరు తీసేయండి.

తేదీల విషయం. బాగా కావాలనుకున్న జడ్జి ఇంటర్వ్యూ ముందు పడేలా చూసుకోండి. వేరేవాళ్ళు ముందు పిలిస్తే రెండు మూడు రోజులు వెనక్కి జరపమని అడగొచ్చు, వారాలు కాదు. ప్రయాణం ఖర్చు మామూలుగా మీదే. కాబట్టి అదే ఊళ్ళో మీరు అప్లై చేసిన మరో చాంబర్స్‌కి (జడ్జి ఆఫీసుకి) ఫోన్ చేసి 'ఫలానా రోజు అక్కడుంటాను' అని చెప్పడం తప్పు కాదు. ఒకే పూటకి రెండు మాత్రం పెట్టుకోకండి, కోర్టు ఆలస్యమైతే రెండూ పోతాయి.

వీసా మీదున్నవాళ్ళు ఫెడరల్ కోర్టుల పౌరసత్వ నిబంధనలు ముందే చూసుకోండి.

తెలియని నంబరైనా ఫోనెత్తండి. వాయిస్‌మెయిల్ నిండిపోకుండా చూసుకోండి. సెక్రటరీతో, క్లర్కులతో మర్యాదగా ఉండండి, మీరెలా ఉన్నారో జడ్జి వాళ్ళనే అడుగుతారు. లేని ఆఫర్ ఉందని చెప్పకండి. అమ్మానాన్నలూ, చాంబర్స్‌కి మీరు ఫోన్ చేయకండి. ఒప్పుకున్నాక 'ఊరికే చూసొస్తా' అని ఇంకో ఇంటర్వ్యూకి వెళ్ళకండి. అదే రోజు మిగతా అప్లికేషన్లన్నీ వెనక్కి తీసుకోండి. ఇంటర్వ్యూ ఖాయమైన చాంబర్స్‌కి ఫోన్ చేసి చెప్పండి. తర్వాత సిఫారసు రాసిన ప్రొఫెసర్లకి. లింక్డిన్ ఆ తర్వాతే.

మళ్ళీ చెబుతున్నా, ప్రాక్టీసు కావాలంటే కాలేజీలో మాక్ ఇంటర్వ్యూ అడగండి.