రంగు ఆఖర్న: ఇంటి దగ్గర బుల్లెట్టు కట్టుకునేవాళ్లకి

బండి మొత్తం విప్పి పడేశాక ఎవరికైనా ముందు పుట్టే కోరిక రంగు. ఫ్రేము నల్లగా నిగనిగలాడుతూ గోడకి ఆని ఉంటే సగం పని అయిపోయినట్టే ఉంటుంది. ఆ కోరిక్కి తాళం వెయ్యండి. నేను వెయ్యలేదు. ఆర్నెల్లలో తేలాల్సిన పని రెండేళ్లు దాటింది.

మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు మీదున్న పర్లాకిమిడి. మోటార్లు, టేబుల్ ఫ్యాన్లు రివైండింగు చేసుకుని బతుకుతాను. బండి మా నాన్నది. 1993 మోడల్ బుల్లెట్ 350, ఇనప సిలిండరుది, గేరు కుడికాలికి ఉండేది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా షెడ్డు రేకులు ఎగరేసుకుపోయింది. ఊరంతా కరెంటు లేక అల్లాడుతుంటే బండి సంగతి ఎవడికి పడుతుంది? పరదా కప్పి వదిలేశాను. అలాగే ఇంకో రెండు వానాకాలాలు నానింది. విప్పడం మొదలెట్టేసరికి బోల్టులన్నీ పట్టేసి ఉన్నాయి.

పట్టేసిన బోల్టుల దగ్గర బలం చూపించకండి. అల్యూమినియం కేసింగులో ఇనప స్క్రూ బిగుసుకుంటే స్క్రూని కాదు, దాని చుట్టూ ఉన్న కేసింగుని వేడి చెయ్యాలి. అల్యూమినియం ఇనుముకి దాదాపు రెట్టింపు సాగుతుంది, కన్నం వదులవుతుంది. టైమింగు కవరు స్క్రూలకి మామూలు స్టార్ స్క్రూడ్రైవరు పెడితే తల అరిగిపోతుంది. సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్టు డ్రైవరు కొనుక్కోండి. తల తెగిపోయిందా, మిగిలిన మొండెం మీద నట్టు పెట్టి వెల్డింగు కొట్టించండి. ఆ వేడికే సగం లొంగుతుంది.

స్పానరు పట్టే ముందు చూడాల్సినవి కాగితాలు. సరిహద్దులో ఉన్నవాళ్లకి ఇది మరీ ముఖ్యం. ఆంధ్రాలోని పాతపట్నం మాకు పక్కవీధి లెక్క, కానీ బండికి అది వేరే రాష్ట్రం. నాన్న ఆంధ్రాలో కొన్నారు కాబట్టి శ్రీకాకుళం రిజిస్ట్రేషను. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి బండి ఉంచుకుంటే ఫారం 28 మీద పాత చోట అభ్యంతరం లేదనే కాగితం, అదే ఎన్‌ఓసీ తెచ్చుకుని ఇక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. 15 ఏళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషను రెన్యువల్, ఆ తర్వాత ప్రతి అయిదేళ్లకీ మళ్లీ. బండి చూడకుండా రెన్యువల్ చెయ్యరు. ఈ ముక్క తెలియక నేను ముందు హ్యాక్సా బ్లేడు పట్టుకున్నాను.

ఫోన్లో బొమ్మలు చూసి ఫ్రేము వెనక పైపులు కురచగా కోయించి, ఒంటి సీటు, టైరుకి అంటుకున్నట్టు ఉండే మడ్‌గార్డు పెట్టించాను. స్టాండు మీద ఉంటే అబ్బో, చూడముచ్చటగా ఉంది. పాతపట్నం రోడ్డులో మొదటి స్పీడ్ బ్రేకరుకే టైరు మడ్‌గార్డుని గీకేసింది. మా బావ వెనక కూర్చోలేదు కాబట్టి సరిపోయింది, అసలు వెనక సీటే లేదనుకోండి. నేను కొలిచింది బండి నిలబడి ఉన్నప్పటి సందు. కొలవాల్సింది వెనక షాకబ్జార్బర్లు రెండూ విప్పేసి, చక్రాన్ని చేత్తో ఎంత పైకి వెళ్తే అంత పైకి ఎత్తి. ఇరుసు, వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందకీ ఊగే స్వింగ్ ఆర్మ్ పిన్ను, ముందు స్ప్రాకెట్టు ఒకే గీత మీదకి వచ్చిన చోట గొలుసు ఎక్కువ బిగుస్తుంది. గొలుసు వదులు కూడా అక్కడే చూసుకోవాలి.

దానికంటే పెద్ద దెబ్బ తర్వాత తగిలింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పెట్టారు. కోసిన పైపులు మళ్లీ అతికించక తప్పలేదు. మా వెల్డింగు మిస్త్రీ ఒడియా ఆయన. చేతిపని బంగారం, నోట్లో మాట మాత్రం ఒక్కటే: "కాలి ఆసొ". రేపు రా అని. ఆ రేపు పదిహేడు రోజులకి వచ్చింది. అతుకు దగ్గర పైపు లోపల ఇంకో పైపు ముక్క దూర్చాడు. ఇంజనూ చక్రమూ ఫ్రేములో బిగించి ఉంచి, ముందు నాలుగు వైపులా చుక్కలు పెట్టి, తర్వాత ఎదురెదురుగా కొంచెం కొంచెం నింపుకుంటూ వచ్చాడు. ఒకే వైపు ఏకబిగిన కాలిస్తే ఫ్రేము ఆ వైపు లాగేస్తుంది. కాబట్టి మీరు మార్చదలిస్తే బోల్టుతో పెట్టి బోల్టుతో తీసేసేవే మార్చండి. పాత సామాను అటక ఎక్కించండి, పారెయ్యకండి. రంగు మార్చినా ఆర్సీలో రాయించుకోవాలి.

మా అమ్మ పెరట్లోకి వచ్చినప్పుడల్లా ఒకటే అడిగేది: "ఇనప సామాన్ల కొట్టు పెట్టేవేటిరా?"

ఇంజను దగ్గర నేను చేసిన తప్పు ఒక్క వాక్యంలో చెప్పచ్చు. బోరు, అంటే సిలిండరు లోపలి కన్నం, ముందు కొట్టించి పిస్టను తర్వాత కొన్నాను. బుల్లెట్ 350 అసలు బోరు 70 మిల్లీమీటర్లు. అర మిల్లీమీటరు పెంచి కొట్టించాను. తర్వాత దొరికిన పిస్టను మీద సైజు సరిగ్గానే రాసి ఉంది, దూర్చితే మాత్రం బిగుతుగా వెళ్లింది. తిరిగితే అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను. కాశీనగరం రోడ్డులో వేడెక్కి పిస్టను సాగి, సిలిండరుని పట్టేసుకుంది. వెనక చక్రం ఈడ్చుకుపోతుంటే క్లచ్చి నొక్కాలని ఎలా తట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు. పిస్టను కొని, చేత్తో పట్టుకెళ్లి, లేత్ షాపులో మైక్రోమీటరుతో కొలిపించి, ఆ కొలతకి సందు కలిపి బోరు కొట్టించాలి. డబ్బా మీద అంకెని నమ్మి కొట్టించకూడదు. నాకు మళ్లీ పెద్ద సైజు పిస్టను, మళ్లీ బోరు.

ఇక రంగు. ఫ్రేముని వైజాగు పంపి పౌడరు కోటింగు వేయించాను. అది పల్చటి రంగు కాదు. పొడి చల్లి, ఓవెన్లో 200 డిగ్రీల దగ్గర వేడికి కరిగిస్తారు, గట్టి పొరలా కూర్చుంటుంది. ఎక్కడ వెయ్యకూడదో నేను చెప్పలేదు, వాళ్లు అంతటా వేశారు. బోల్టు మరల్లో నిండింది, హ్యాండిలు తిరిగే బేరింగులు, అదే కోన్ సెట్టు, కూర్చునే చోట నిండింది. అన్నిటికంటే ఘోరం, మెడ మీద కొట్టిన ఛాసిస్ నంబరు మాయమైంది. రిజిస్ట్రేషనుకి దాని పెన్సిల్ ప్రింటు కావాలి. అక్కడ ఆకురాయి పెడితే నంబరు దిద్దారంటారు. పెయింటు రిమూవరు బ్రష్షుతో పూసుకుంటూ, పుల్లతో గోకుతూ రెండు సాయంత్రాలు కూర్చున్నాను.

వైరింగు నా ఇలాకా అనుకున్నాను. కొత్త తీగలు, కొత్త స్విచ్చులు, ప్రతి జాయింటూ సోల్డరు. తీరా బ్రేకు నొక్కితే ఇండికేటర్లు మిణుకుమంటాయి, హారను కొడితే హెడ్‌లైటు పడుకుంటుంది. పదకొండు రోజులు తీగలన్నీ తిరగేశాను. వచ్చే పోయే కస్టమర్లు "ఏం బాబూ, నీకే షాకా?" అని నవ్వులు. తప్పు తీగల్లో లేదు. బండిలో కరెంటు తిరిగి బ్యాటరీ మైనస్‌కి చేరేది ఫ్రేము గుండా. ఆ ఫ్రేముకి నేను పౌడరు కోటింగు పేరుతో ప్లాస్టిక్కు తొడుగు వేయించాను. దారి దొరక్క కరెంటు వేరే బల్బుల్లోంచి దూరి వెళ్తోంది. చూసుకునే పద్ధతి తేలిక. హెడ్‌లైటు వేసి, మీటరు నల్ల తీగ బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర తీగ హెడ్‌లైటు బాడీ మీద పెట్టండి. అర వోల్టు లోపు ఉండాలి. నాకు 4 చూపించింది. బ్యాటరీ మైనస్ నుంచి ఇంజనుకి ఒకటి, హెడ్‌లైటుకి ఒకటి, వెనక లైటుకి ఒకటి విడిగా ఎర్త్ తీగలు లాగాను. అయిదు నిమిషాల్లో అన్నీ వెలిగాయి.

అందుకే రంగు లేకుండానే బండి మొత్తం బిగించి, లైట్లతో సహా రెండు మూడు వందల కిలోమీటర్లు తిప్పండి. అప్పుడు విప్పి, మరలకీ, బేరింగు చోట్లకీ, ఎర్త్ బోల్టులకీ, నంబరుకీ టేపు వేసి పంపండి. హై టెంపరేచర్ టేపు, మామూలుది ఓవెన్లో కాలిపోతుంది.

ట్యాంకు లోపలి తుప్పుకి వెనిగరు నింపి రెండు మూడు రోజులు ఉంచి, తినేసోడా నీళ్లతో కడగండి. వెంటనే ఆరబెట్టి లోపల నూనె తిప్పకపోతే మన వానాకాలం గాలికి సాయంత్రానికే మళ్లీ ఎర్రబడుతుంది. ఇప్పటి ఇథనాలు పెట్రోలు పాత రబ్బరు పైపుల్ని ఉబ్బిస్తుంది, అవి కూడా మార్చేయండి.

రెండో బోరు తర్వాత ఇప్పటికి 310 కిలోమీటర్లు తిరిగింది. హెడ్డు నట్లు ఒకసారి చల్లటి ఇంజను మీద మళ్లీ బిగించాను, ఆయిలు మార్చాను. ఎడమవైపు గొలుసు కేసు కిందనుంచి రాత్రికి ఓ నాలుగు చుక్కలు పడుతున్నాయి. ప్రస్తుతానికి హార్లిక్స్ మూత పెట్టాను.