ఊళ్లో కందిపప్పు మిల్లు పెట్టాలంటే

తాండూరు, నారాయణపేట వైపు అయినా, ప్రకాశం, అనంతపురం మెట్ట ఊళ్లలో అయినా సంక్రాంతి అటూ ఇటూగా రైతు కందులు అమ్మేస్తాడు. కొన్నాళ్లకు ఆ రైతే కిరాణా కొట్లో కందిపప్పు కొంటాడు. ఈ రెండు ధరల మధ్య తేడాలో కొంతైనా ఊళ్లో నిలబెట్టాలని మహిళా సంఘాలు, రైతు సంఘాలు మినీ దాల్ మిల్లు పెడుతుంటాయి. మూతపడే వాటిలో ఎక్కువ చోట్ల కనిపించే పొరపాటు ఒకటే: డబ్బంతా మిషన్ మీద పెట్టి, ఆరబోసే చోటును మర్చిపోవడం.

ముందు లెక్క చూద్దాం. పద్ధతిగా చేస్తే క్వింటా కందులకు 70–72 కిలోల పప్పు, 10 కిలోల నూక, 15 కిలోల పొట్టు, తవుడు వస్తాయి. మిగతాది దుమ్ము, తేమ కింద పోతుంది. 2025–26 మద్దతు ధర క్వింటాకు 8,000 రూపాయలు. ఆ ధరకే కొన్నారనుకుందాం. పప్పు కిలో 120, నూక 45, పొట్టు 15 చొప్పున అమ్మితే (ఇవి లెక్క కోసం వేసుకున్న ధరలు, మీ సంత ధరలు పెట్టి చూసుకోండి) 72 కిలోల పప్పుకు 8,640, నూకకు 450, పొట్టుకు 225, మొత్తం 9,315. కూలి, కరెంటు, నూనె, సంచులకు 600 పోతే చేతికి 715. ఇప్పుడు ఆరు కిలోల పప్పు విరిగి నూకైందనుకోండి. 450 అక్కడే పోయింది, మిగిలింది 265. కాబట్టి మిల్లు నడిపేవాళ్ల పనంతా పప్పు విరగకుండా చూడడమే.

గంటకు సుమారు 100 కిలోలు ఆడే మిల్లు ఊరికి చాలు. మైసూరులోని ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ, కాన్పూరు పప్పుధాన్యాల పరిశోధన సంస్థ తయారుచేసిన చిన్న మిల్లుల నమూనాలున్నాయి. కొనేముందు ఎమరీ రోలర్ (పొట్టు గీరే గరుకు పూత ఉన్న రోలర్), జల్లెడలు, పొట్టును లాగే బ్లోయర్ మూడూ ఉన్నాయా, రోలర్ అరిగితే మళ్లీ పూత ఎవరు వేస్తారు అని అడగండి. మీ కందులు ఓ బస్తా తీసుకెళ్లి ఎదుట ఆడించి తూకం వేయించందే అడ్వాన్స్ ఇవ్వకండి.

ఇక కల్లం. రెండు సెంటీమీటర్ల మందాన పోస్తే క్వింటాకు ఆరు చదరపు మీటర్లు కావాలి. రోజుకు ఐదు క్వింటాళ్లు ఆడించాలంటే నాలుగు రోజుల సరుకు, అంటే 20 క్వింటాళ్లు, ఒకేసారి ఎండలో ఉంటుంది. నడిచే దారితో కలిపి 150 చదరపు మీటర్లు, దాదాపు 180 గజాల సిమెంటు కల్లం అన్నమాట. ఇది లేకపోతే మిల్లు వారంలో సగం రోజులు ఖాళీగా ఉంటుంది.

కంది పొట్టుకూ పప్పుకూ మధ్య జిగురు పొర ఉంటుంది. శనగ పొట్టు ఊడినంత తేలిగ్గా ఇది ఊడదు. నూనె, ఎండ కలిసి ఆ జిగురును వదులు చేస్తాయి. మట్టి, రాళ్లు ఏరేశాక గింజను సైజుల వారీగా జల్లించండి. చాలామంది వదిలేసే పని ఇదే. పెద్దా చిన్నా కలిపి పోస్తే పెద్దది విరుగుతుంది, చిన్నది పొట్టుతోనే బయటికొస్తుంది. తర్వాత రోలర్‌లో ఒకసారి తేలిగ్గా ఆడించి పొట్టు మీద గీతలు పడనివ్వండి. నూనె లోపలికి దిగే దారి అదే. క్వింటాకు 200 నుంచి 500 గ్రాముల వంటనూనె పట్టించి, రాత్రంతా కుప్పపోసి కప్పి ఉంచండి. నూనె ఎక్కువైతే పొట్టు ఇంకా బాగా వస్తుందనుకోవద్దు, నిల్వలో పప్పు కంపు కొడుతుంది.

రెండు మూడు రోజులు ఎండనివ్వండి, రాత్రిళ్లు కుప్ప చేసి కప్పండి. ఆఖరి సాయంత్రం క్వింటాకు రెండు మూడు లీటర్ల నీళ్లు చిలకరించి, మళ్లీ కుప్పపోసి, మర్నాడు ఎండబెట్టి మిల్లులో వేయండి. గింజ పంటి కింద టక్కున విరగాలి. మెత్తగా నలిగితే ఇంకో రోజు ఆగాల్సిందే. మొదటి విడతలో ఊడని గింజను జల్లెడతో వేరు చేసి, నూనె, ఎండ మళ్లీ చూపించి రెండో విడత వేయండి. ఒకేసారి అంతా ఊడాలని రోలర్ బిగించారో, పప్పు అంచులు అరిగి తవుడులో కలుస్తాయి. తవుడు పసుపు పచ్చగా, ఎక్కువగా వస్తుంటే అర్థం అదే. పొట్టు మిగిలిపోతుంటే మాత్రం ముందు ఎండను అనుమానించండి, ఆ తర్వాతే ఎమరీ అరుగుదలను.

మొదటి ఏడాది కందులు కొనకండి. రైతులు తెచ్చినవి కూలికి ఆడించండి. పెట్టుబడి ఇరుక్కోదు, చేయి కుదురుతుంది. గొడవలొచ్చేది పొట్టు దగ్గర. పశువుల మేతకు పనికొస్తుంది కనుక రైతూ అడుగుతాడు, మిల్లూ ఉంచుకోవాలనుకుంటుంది. పొట్టు, నూక ఎవరివో, కూలి ఎంతో గోడ మీద రాసిపెట్టండి. తెచ్చిన తూకం, ఇచ్చిన పప్పు, నూక, పొట్టు ప్రతి రైతుకూ విడివిడిగా రిజిస్టర్‌లో ఎక్కించండి. రెండో ఏడాది ఎంత ధర దాకా కొనొచ్చో ఆ రిజిస్టరే చెబుతుంది.

కాగితాల పని పెద్దది కాదు. ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) నమోదు ఆన్‌లైన్‌లో ఉచితం, ఎవరికీ డబ్బులివ్వక్కర్లేదు. పప్పు అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నమోదు లేదా లైసెన్సు తప్పనిసరి. చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం కేంద్రం 2020లో తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రాయితీ ఉంది. సంఘాల్లో ఆహార తయారీ చేసే సభ్యులకు తలా 40,000 దాకా మూలధనం కూడా. దరఖాస్తుకు ముందు పథకం అమల్లో ఉందో లేదో జిల్లా ఉద్యాన లేదా పరిశ్రమల శాఖలో కనుక్కోండి. ఒక మెలిక గుర్తుంచుకోండి: రాయితీ చేతికి రాదు. బ్యాంకులో విడిగా ఉండి, మూడేళ్లు కిస్తీలు సక్రమంగా కట్టి మిల్లు నడిస్తేనే అప్పులో జమవుతుంది. అంతదాకా కిస్తీలు కట్టగలమా అని ముందే లెక్క వేసుకోవాలి.

ప్యాకెట్ల మీద పేరు రాసేటప్పుడూ జాగ్రత్త. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంకో జిల్లా పప్పు మీద ఆ పేరు వేస్తే చిక్కులే. "పాలిష్ చేయని పప్పు" అని, మీ ఊరి పేరు వేసుకుంటే చాలు.