వెబ్‌సైట్ చూస్తున్నారు, ఎంక్వయిరీలు రావడం లేదు: సమస్య - పరిష్కారం

సైట్‌కు నెలకు వందల మంది వస్తున్నా ఒక్కరూ వివరాలు అడగడం లేదని చెప్పే యజమానుల్లో చాలామంది, నా దగ్గరికి వచ్చేసరికే తప్పంతా డిజైన్‌దేనని తేల్చుకుని ఉంటారు. కొత్త టెంప్లేట్‌కూ, హోం పేజీలో పెద్ద వీడియోకూ కొటేషన్ కూడా తెప్పించుకుని ఉంటారు. మీ సైట్‌లోని ఫారంను మీ ఫోన్‌లో ఒక్కసారైనా నింపి పంపి చూశారా అని అడిగితే మాత్రం సమాధానం ఉండదు. పేజీలు మార్చడం, సెట్టింగులు తెరవడం మీకు తెలుసనే ఉద్దేశంతో, ఏ లక్షణం కనిపిస్తే ఎక్కడ చూడాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా చేయవలసిన పరీక్ష

ఆఫీసు వైఫై ఆపేసి, మొబైల్ డేటాతో, మీ సరుకు కోసం కస్టమర్ గూగుల్‌లో ఏమని వెతుకుతాడో అలాగే వెతికి సైట్‌లోకి వెళ్లండి. ఫారంలో ఇంట్లోవారి పేరు, నంబరు ఇచ్చి, సందేశం దగ్గర ఆ రోజు తేదీ, సమయం రాసి పంపండి. తర్వాత మీ దగ్గర మెయిల్ చూసే ఉద్యోగి పక్కన కూర్చుని, ఆ సందేశం ఇన్‌బాక్స్‌లోకి వచ్చిందో లేదో కళ్లారా చూడండి. ఇన్‌బాక్స్‌లో లేకపోతే స్పామ్‌లో చూడండి. ఈ పరీక్షకు పది నిమిషాలు చాలు. ఇది చేయకుండా బటన్ రంగు మార్చడం మొదలుపెట్టేవారిని చూసి విసిగిపోయాను.

లక్షణం: ఫారం "ధన్యవాదాలు" అంటుంది, మెయిల్ మాత్రం రాదు

తెరమీద "మీ సందేశం అందింది" అని కనిపించడం రుజువు కాదు. వెబ్ సర్వర్ ఆ సందేశాన్ని తనలోని మెయిల్ ప్రోగ్రాంకు అప్పగించగానే ఫారం ఆ మాట అనేస్తుంది. ఆ తర్వాత ఉత్తరం ఎక్కడికి చేరిందో ఫారంకు తెలియదు.

గుంటూరులో మాడ్యులర్ కిచెన్‌లు చేసే ఒక దుకాణం సైట్ విషయంలో నేనే ఇందులో పడ్డాను. ఎంక్వయిరీలు లేవంటే ఫారంలో గడులు తగ్గించాను, బటన్ పైకి జరిపాను, ఫొటోలు మార్చాను. మూడు వారాలు గడిచినా ఫలితం లేదు. మెయిల్ సంగతి అడిగితే యజమాని, "మెయిల్ బాగానే ఉందండీ, ఇప్పుడే నా జీమెయిల్ నుంచి పంపి చూశాను, వెంటనే వచ్చింది" అన్నారు. ఆ మాట నమ్మడమే నా తప్పు. చివరకు హోస్టింగ్ కంపెనీ ఇచ్చే వెబ్‌మెయిల్ తెరిచి చూస్తే, ఎవరూ ఎన్నడూ చూడని ఒక పెట్టెలో 63 ఎంక్వయిరీలు ఉన్నాయి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్లయింది. వాటిలో ఒకావిడ రెండుసార్లు రాశారు. రెండోసారి రాసినది ఇది: "మొన్న కూడా రాశాను, ఎవరూ ఫోన్ చేయలేదు. గృహప్రవేశం దగ్గర పడింది."

ఇలా ఎందుకు జరుగుతుందంటే, సైట్ ఒక హోస్టింగ్‌లో ఉంటుంది, వ్యాపారం మెయిల్ గూగుల్ వర్క్‌స్పేస్‌లోనో జోహోలోనో ఉంటుంది. బయటివారు మెయిల్ పంపినప్పుడు వారి సర్వర్ మీ డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు చూసి, ఉత్తరాన్ని సరైన చోటికి చేరుస్తుంది. అందుకే యజమాని జీమెయిల్ పరీక్ష ప్రతిసారీ నెగ్గుతుంది. ఫారం పంపే ఉత్తరం మాత్రం మీ సైట్ ఉన్న సర్వర్‌లోనే పుడుతుంది. ఈ డొమైన్ మెయిల్ తన దగ్గరే ఉందని ఆ సర్వర్ అనుకుంటున్నట్లయితే, అది ఎంఎక్స్ రికార్డు వైపు చూడనే చూడదు, ఉత్తరాన్ని బయటకు పంపకుండా తనలోని పెట్టెలోనే వేసేసుకుంటుంది. ఆ పేరుతో పెట్టె లేకపోతే సాధారణంగా "అలాంటి యూజర్ లేరు" అని తిప్పికొడుతుంది, ఆ తిరుగుటపా కూడా ఎవరూ చూడని చిరునామాకే వెళుతుంది. మెయిల్‌ను మొదట హోస్టింగ్‌లో నడిపి తర్వాత గూగుల్‌కు మార్చుకున్న చోట, సైట్‌ను ఒక హోస్టింగ్ నుంచి మరొకదానికి తరలించిన చోట ఇది ఎక్కువగా ఎదురవుతుంది.

గుర్తుపట్టడం తేలిక. ఫారం ఉత్తరాలు చేరవలసిన చిరునామాను కాసేపు మీ సొంత జీమెయిల్‌కు మార్చి, మళ్లీ ఫారం నింపండి. జీమెయిల్‌కు వచ్చి, వ్యాపారం చిరునామాకు రాకపోతే కారణం దాదాపుగా ఇదే. సీప్యానెల్ (హోస్టింగ్ సెట్టింగులు మార్చే పేజీ) ఉన్న హోస్టింగ్‌లో "ఈమెయిల్ రూటింగ్" అనే పేజీ తెరిచి, మీ డొమైన్‌ను "లోకల్ మెయిల్ ఎక్స్ఛేంజర్" నుంచి "రిమోట్ మెయిల్ ఎక్స్ఛేంజర్"కు మార్చి సేవ్ చేయండి. సీప్యానెల్‌లోనే "ట్రాక్ డెలివరీ" అనే చోట, ఫారం పంపిన ఉత్తరాలు ఏ దారిన పోయాయో కనిపిస్తుంది. అయితే సెట్టింగ్ మార్చే ముందు పాత పెట్టెలో ఉన్న ఉత్తరాలన్నీ దించి పెట్టుకోండి, పెట్టెను మాత్రం తొలగించకండి. వారంలోపు వచ్చిన ఎంక్వయిరీలకు ఆ రోజే ఫోన్ చేయండి. మేము ఆ 63లో కొత్తవాటికి ఫోన్ చేస్తే కొందరు ఇంకా పని ఎవరికీ అప్పగించలేదు.

జీమెయిల్‌కు కూడా రాకపోతే, లేదా స్పామ్‌లో పడితే, "ఫ్రం" చిరునామా చూడాలి. జవాబివ్వడం సులువవుతుందని చాలా ఫారంలలో కస్టమర్ ఇచ్చిన మెయిల్ చిరునామానే పంపినవారి స్థానంలో పెడుతుంటారు. అవతలి సర్వర్‌కు అది దొంగ ఉత్తరంలా కనిపిస్తుంది, ఎందుకంటే, కస్టమర్‌ది యాహూ చిరునామా అనుకుంటే, యాహూ పేరుతో ఉత్తరం పంపే అధికారం మీ హోస్టింగ్ సర్వర్‌కు లేదు. అలాంటివాటిని తిరస్కరించమని యాహూ 2014 నుంచే లోకానికి చెబుతోంది. జీమెయిల్ కూడా 2024 ఫిబ్రవరి నుంచి, తనకు మెయిల్ పంపే ప్రతి డొమైన్‌కూ ఎస్‌పీఎఫ్ (ఆ డొమైన్ పేరుతో పంపే అధికారం ఏ సర్వర్లకు ఉందో చెప్పే రికార్డు) గానీ డీకిమ్ (ఉత్తరం అసలైనదని చూపే డిజిటల్ సంతకం) గానీ ఉండాలని నియమం పెట్టింది. కాబట్టి "ఫ్రం" దగ్గర మీ సొంత డొమైన్ చిరునామా ఉండాలి, కస్టమర్ చిరునామా "రిప్లై-టు" దగ్గర ఉండాలి. వర్డ్‌ప్రెస్ అయితే సర్వర్ నుంచి నేరుగా పంపనివ్వకుండా, ఒక ఎస్‌ఎంటీపీ (మెయిల్ పంపే పద్ధతి) ప్లగిన్ పెట్టి, మీ మెయిల్ ఖాతా ద్వారా పంపించండి. డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. హోస్టింగ్‌కు ఒకటి, గూగుల్‌కు ఒకటి అని రెండు పెడితే రెండూ చెల్లవు. రెండింటిలోని వివరాలను ఒకే వరుసలో కలపాలి.

గూగుల్ ఖాతా యాప్ పాస్‌వర్డ్‌తో (వేరే ప్రోగ్రాంల కోసం గూగుల్ విడిగా ఇచ్చే పాస్‌వర్డ్) ఎస్‌ఎంటీపీ పెట్టినవారు మరొకటి గుర్తుంచుకోవాలి. ఖాతా అసలు పాస్‌వర్డ్ మార్చిన రోజున యాప్ పాస్‌వర్డ్‌లన్నీ రద్దవుతాయి. ఉద్యోగి మానేశాడని యజమాని పాస్‌వర్డ్ మారుస్తాడు, ఆ సాయంత్రం నుంచి ఫారం మూగబోతుంది. ఏ కారణం వల్ల మెయిల్ పోయినా ఎంక్వయిరీ పోకుండా, ఫారం సందేశాలన్నీ సైట్ డేటాబేస్‌లో కూడా దాచే ఏర్పాటు చేయించండి. వర్డ్‌ప్రెస్‌లో కాంటాక్ట్ ఫారం 7 అనే ప్లగిన్ వాడేవారికి ఆ సౌకర్యం దానంతట అది రాదు, ఫ్లమింగో అనే ప్లగిన్ విడిగా పెట్టుకోవాలి.

లక్షణం: ఫారం నింపడం మొదలుపెడతారు, పంపరు

పరీక్ష ఉత్తరం చక్కగా అందిందంటే, అప్పుడు డిజైన్ వైపు చూడవచ్చు. ఫారంలో ఈమెయిల్ తప్పనిసరి అని ఎర్ర నక్షత్రం పెట్టి ఉంటే ముందు దాన్ని తీసేయండి. ఇంటికి బోరు మోటారో గ్రానైటో కావలసిన మనిషి రోజంతా ఫోన్‌లో ఉంటాడు గానీ మెయిల్ తెరవడు. పేరు, ఫోన్ నంబరు, ఏం కావాలో ఒక వాక్యం చాలు. మిగతావి మీరు ఫోన్ చేసినప్పుడు అడగవచ్చు.

ఇక్కడ గడులు పెట్టే తిరకాసు ఒకటి ఉంది. ఫోన్ నంబరు గడిలో సరిగ్గా పది అంకెలే ఉండాలని నియమం పెడతారు. ఆండ్రాయిడ్ ఫోన్ తనంతట తాను నింపేటప్పుడు ఒక్కోసారి ముందు ప్లస్ 91 చేరుస్తుంది, మధ్యలో ఖాళీ వదులుతుంది. నంబరు సరిగానే ఉన్నా ఫారం "తప్పు నంబరు" అంటుంది. అలాగే పేరు గడిలో ఇంగ్లీషు అక్షరాలనే ఒప్పుకునే నియమం ఉంటే, తెలుగులో పేరు రాసిన కస్టమర్‌ను అది గుమ్మంలోనే వెనక్కి పంపుతుంది. రెండు నియమాలూ సడలించండి. ఖాళీలను, ప్లస్ గుర్తును సర్వర్ దగ్గర తొలగించుకోవచ్చు.

లక్షణం: కాల్, వాట్సాప్ బటన్లు నొక్కినా పని జరగదు

బ్యానర్ బొమ్మలో అచ్చువేసిన నంబరును వేలితో నొక్కితే ఏమీ జరగదు. నంబరు అక్షరాలుగా ఉండి, దానికి ఫోన్ లింకు ఉండాలి. వాట్సాప్ లింకులో నంబరుకు ముందు 91 ఉండాలి, ప్లస్ గుర్తు, ముందు సున్నా, ఖాళీలు, గీతలు ఉండకూడదు. సున్నాతో మొదలయ్యే నంబరు పెట్టి, వాట్సాప్ రావడం లేదని నన్ను పిలిచినవారు ఎందరో. మీ కస్టమర్లలో అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి సొంతూళ్లో ఇల్లు కట్టిస్తున్నవారు ఉంటే, 1800 టోల్‌ఫ్రీ నంబరు ఒక్కటే ఇచ్చి ఊరుకోకండి. దేశం బయట నుంచి అది సాధారణంగా కలవదు.

లక్షణం: వస్తారు, వెంటనే వెళ్లిపోతారు

పేజీ బరువు చూడండి. ఫోన్ కెమెరాలో తీసిన ఫొటోలను ఉన్నవి ఉన్నట్లే ఎక్కించి, పైన ఐదు బొమ్మలు తిరిగే స్లయిడర్ పెడితే, మొబైల్ డేటాలో ఆ పేజీ తెరుచుకునేసరికి కస్టమర్ పక్క దుకాణం సైట్‌లో ఉంటాడు. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ కొలత. గూగుల్‌వారి పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే వేగ పరీక్షలో మొబైల్ అంకె మాత్రమే చూడండి, డెస్క్‌టాప్ అంకె చూసి సంతోషపడకండి. స్లయిడర్ తీసేసి ఒకే ఫొటో ఉంచి, దాన్ని తక్కువ సైజులో ఉండే వెబ్‌పీ రూపంలోకి మార్చితే సగం పని పూర్తవుతుంది.

పేజీ త్వరగా తెరుచుకుంటున్నా వెళ్లిపోతున్నారంటే, మొదటి తెరలో మీరేం చేస్తారో, ఏ ఊళ్లలో చేస్తారో లేదన్నమాట. "నాణ్యతే మా నినాదం" అన్న వాక్యం చూసి ఎవరూ ఫోన్ చేయరు. "గుంటూరు, తెనాలి, మంగళగిరిలో మాడ్యులర్ కిచెన్‌లు, ఇంటికి వచ్చి కొలతలు తీసుకుంటాం" అని ఉంటే చేస్తారు.

లక్షణం: ఎంక్వయిరీలు వస్తాయి, పనికిరానివే వస్తాయి

ధర ఎక్కడి నుంచి మొదలవుతుందో పేజీలో లేకపోతే, మీ ధరకు సగం కూడా పెట్టలేనివారు రోజంతా ఫోన్ చేస్తారు. కచ్చితమైన ధర చెప్పనక్కరలేదు, చదరపు అడుగుకు ఎంత నుంచి మొదలో చెప్పండి. ధర చూపిస్తే కస్టమర్ పారిపోతాడని యజమానులు భయపడతారు. వెళ్లేవాడు ఫోన్‌లో అడిగి అయినా వెళ్లేవాడే. ఉద్యోగాలు అడిగేవారికి వేరే పేజీ పెట్టండి. అర్థంలేని ఇంగ్లీషు సందేశాలు వెల్లువెత్తితే కాప్చా (పంపేది మనిషా, బాటా అని తేల్చే పరీక్ష) పెట్టండి, కానీ ట్రాఫిక్ లైట్ల బొమ్మలు ఏరమనేది వద్దు, కనిపించకుండా పనిచేసేది పెట్టండి.

అరుదైనవి

ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ గడువు ముగిస్తే బ్రౌజర్ ఎర్రటి హెచ్చరిక చూపిస్తుంది, దాన్ని మీరే గమనిస్తారు. క్యాష్ ప్లగిన్ (పేజీ త్వరగా తెరుచుకోవడానికి దాని కాపీని దాచి చూపేది) పాత కాపీనే రోజుల తరబడి ఉంచితే కొన్ని ఫారంల భద్రతా టోకెన్ (తాత్కాలిక కోడ్) కాలం చెల్లి, పంపు నొక్కగానే ఎర్రర్ వస్తుంది. ఫారం ఉన్న పేజీని క్యాష్ నుంచి మినహాయిస్తే సరిపోతుంది. ఫైర్‌వాల్‌లో విదేశాలను ఆపేసినవారు డాలస్‌లో ఉన్న బంధువుతో ఒకసారి సైట్ తెరిపించి చూసుకోవాలి. అనలిటిక్స్‌లో కనిపించే వందల మంది అసలు మనుషులేనా, బాట్‌లా అన్న అనుమానం వస్తే, వారు వచ్చిన దేశాలు, పేజీలో ఉన్న సమయం చూడండి. మీరు పని చేయని దేశం నుంచి వచ్చి సున్నా సెకన్లు ఉన్నవారిని లెక్కలోంచి తీసేస్తే, కొందరికి అసలు సమస్య సైట్‌కు ఎవరూ రాకపోవడమేనని తేలుతుంది.