డ్యుటీరియం 90 శాతం దగ్గర ఆగిపోతోందా? ముందు ఫ్లాస్కులో హైడ్రోజన్లు లెక్కపెట్టండి

సమస్య: అణువులోని హైడ్రోజన్ల స్థానంలో డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) పెట్టాలని పల్లాడియం-కార్బన్ క్యాటలిస్ట్, భారజలం (డ్యుటీరియంతో అయిన నీళ్లు), పైన హైడ్రోజన్ బెలూన్. రాత్రంతా తిప్పినా లేబులింగ్ (డ్యుటీరియం చేరిన శాతం) 90 దాటట్లేదు.

చాలామంది వెంటనే క్యాటలిస్ట్ మార్చేస్తారు, దయచేసి ఆ పని చేయకండి. ఇంకో ఆరు గంటలు తిప్పి చూడండి, అంకె కదలకపోతే చర్య సమతాస్థితికి వచ్చేసినట్టే. 1 మిల్లీలీటరు భారజలంలో ఉండే డ్యుటీరియం సుమారు 110 మిల్లీమోల్స్. మీ పదార్థం 1 మిల్లీమోల్ ఉండి, అందులో మారే హైడ్రోజన్లు 10 ఉంటే (ఆక్సిజన్, నైట్రోజన్ మీదుండే ఓహెచ్, ఎన్‌హెచ్‌లనూ కలుపుకోవాలి), 120లో 110, అంటే 92 శాతం దగ్గరే ఆగుతుంది, క్యాటలిస్ట్ ఎంత గొప్పదైనా సరే. ఇక ఎవరూ లెక్కలోకి తీసుకోనిది ఆ బెలూన్! ఒక లీటరు హైడ్రోజన్‌లో 80 మిల్లీమోల్స్‌కి పైగా హైడ్రోజన్ పరమాణువులుంటాయి, అవీ మెల్లగా భారజలంతో మారిపోతూ మీ డ్యుటీరియాన్ని పలచన చేస్తాయి.

పరిష్కారం: హైడ్రోజన్ క్యాటలిస్ట్‌ని మేల్కొలపడానికే కాబట్టి ఫ్లాస్కు ఖాళీలో నిండినంత చాలు, బెలూన్ తీసేసి మూసేయండి. భారజలం పెంచండి, లేదా పదార్థాన్ని బయటికి తీసి కొత్త భారజలంతో రెండోసారి నడపండి. పై లెక్కలోనే రెండోసారికి 99 దాటుతుంది. ఒకేసారి బోలెడంత పోయడం కంటే నాకిదే నచ్చుతుంది.

సమస్య: అసలేమీ మారలేదు.

ఉదాహరణకి డైఫినైల్‌మీథేన్ (రెండు బెంజీన్ రింగుల మధ్య ఒక CH2) తీసుకుంటే, ఎన్‌ఎమ్‌ఆర్‌లో (హైడ్రోజన్లను గీతలుగా చూపే పరీక్ష) ఆ CH2కి 3.98 పీపీఎం (గీత స్థానం కొలత) దగ్గర ఒకే గీత ఉంటుంది. మార్పు మొదలైతే దానికి కాస్త కుడివైపున సమాన ఎత్తులో మూడు సన్న గీతలు పుడతాయి, అది ఒక హైడ్రోజన్ పోయి డ్యుటీరియం వచ్చిన అణువు. ఆ మూడూ ఉంటే క్యాటలిస్ట్ బతికే ఉంది, టైమ్ ఇవ్వండి. లేకపోతే హైడ్రోజన్ పెట్టడం మర్చిపోయారేమో, పదార్థంలో సల్ఫర్ మలినం ఉందేమో, లేదా పదార్థం కరగకుండా పైన తేలుతోందేమో చూడండి. కరగకపోతే మిథనాల్ మాత్రం వేయకండి, దాని ఓహెచ్ కూడా లెక్కలో చేరిపోతుంది. ఇంకో మాట, గది ఉష్ణోగ్రత దగ్గర పల్లాడియం ముఖ్యంగా బెంజైలిక్ స్థానాలనే (బెంజీన్ రింగుకి ఆనుకున్న కార్బన్ మీది హైడ్రోజన్లనే) మారుస్తుంది, రింగు మీద కావాలంటే ప్లాటినం-కార్బన్ వాడి చూడండి.

సమస్య: క్లోరిన్ ఊడిపోయింది, డబుల్ బాండ్ పోయింది.

ఇది మామూలు హైడ్రోజనేషనే (హైడ్రోజన్ అణువుకి చేరిపోవడం). హైడ్రోజన్ తగ్గిస్తే కొంత మేలు, కానీ అలాంటి గ్రూపులున్న అణువుకి ఈ దారి సరిపడదు.

సమస్య: వర్కప్ (చర్య అయ్యాక పదార్థాన్ని వేరుచేయడం) తర్వాత డ్యుటీరియం తగ్గింది.

ఓడీ, ఎన్‌డీలు (డ్యుటీరియం చేరిన ఓహెచ్, ఎన్‌హెచ్‌లు) మామూలు నీళ్లు తగలగానే వెనక్కి మారతాయి, అది సహజం. కార్బన్ మీదవీ పోతుంటే, ముఖ్యంగా కార్బొనిల్ (C=O) పక్కనవి, ఆమ్లం, క్షారం తగలనివ్వకండి.

వడపోసేటప్పుడు ముందు నైట్రోజన్‌తో హైడ్రోజన్‌ని తరిమేయండి, సెలైట్ (వడపోత పొడి) మీద క్యాటలిస్ట్ ఒక్క క్షణం కూడా ఆరకూడదు, గాలి తగిలితే అంటుకుంటుంది.